పెదవాల్తేరు మేడ మీద ఫోన్ క్లాసు: ఆరు వారాలు వెళ్లొచ్చాక రాస్తున్నాను

ఈ క్లాసుకి పేరూ లేదు, బోర్డూ లేదు. విశాఖపట్నం పెదవాల్తేరులో పోలమాంబ గుడి దాటి రెండు సందులు లోపలికి వెళ్తే కింద జెరాక్స్ షాపు, పైన ఒక పొడవాటి గది ఉంటాయి. ఆ గదిలో సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా పెద్దవాళ్లకి స్మార్ట్‌ఫోన్ వాడటం నేర్పుతారు. ఆరు వారాలకి ఆరు వందల రూపాయలు. నేను ఏప్రిల్ ఆఖర్లో చేరి జూన్ మొదటి వారంలో పూర్తి చేశాను. వాకింగ్‌లో కలిసే ప్రతివాళ్లూ ఎలా ఉందని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. మెట్లు ఎక్కగలిగిన ఓపిక ఉంటే తప్పకుండా వెళ్లండి.

నేను కంచరపాలెం ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చదివి, హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో చేరి, 2023లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. నలభై ఏళ్లలో ఎంతమంది అప్రెంటిస్ కుర్రాళ్లకి వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డర్ పట్టుకోవడం నేర్పానో లెక్క లేదు. నేర్పడానికీ, పక్కనున్నవాడి పని మనమే చేసిపెట్టడానికీ తేడా నాకు బాగా తెలుసు. ఈ క్లాసుని ఆ కంటితోనే చూశాను.

దీనికి ముందు నేను వేరే దారులు ప్రయత్నించకపోలేదు. మొదటిది ఇల్లు. "ఇలా ఇవ్వు నాన్నా" అని మా అమ్మాయి ఫోన్ తీసుకుంటుంది. రెండు బొటనవేళ్లూ టకటకా ఆడిస్తుంది. "అయిపోయింది" అని తిరిగి చేతిలో పెడుతుంది. కరెంటు బిల్లు కట్టేసి ఉంటుంది, ఎలా కట్టిందో మాత్రం నాకు తెలియదు. దానికి ఆఫీసు టైం, మనవడికి స్కూలు బస్సు. దాన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కానీ రెండేళ్ల పాటు ప్రతి నెలా అదే బిల్లు, అదే మాట.

ఆ తర్వాత ఒక కల్యాణమండపంలో సీనియర్ సిటిజన్లకి ఉచిత శిబిరం అంటే వెళ్లాను. పెద్ద తెర, మైకు, స్లైడ్లు, మధ్యలో టీ బిస్కెట్లు. రెండు గంటలయ్యాక అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి గ్రూప్ ఫొటో తీశారు. ఆ రెండు గంటల్లో ఒక్కరి ఫోనూ జేబులోంచి బయటికి రాలేదు. రాడ్డు చేతికివ్వకుండా వెల్డింగ్ నేర్పినట్టుంది.

యూట్యూబ్‌ని మాత్రం తక్కువ చేసి మాట్లాడను. వెల్డింగ్ వీడియోలు ఇప్పటికీ చూస్తుంటాను, కొత్త సంగతులు పట్టుకుంటాను. ఎందుకంటే అక్కడ ఎక్కడ చూడాలో, ఏ చప్పుడు వినాలో నాకు ముందే తెలుసు. రాడ్డుకీ ప్లేటుకీ మధ్య వెలిగే ఆర్క్ సరిగ్గా పడితే నూనెలో వడియాలు వేగినట్టు ఒకే తీరుగా వినిపిస్తుంది. అది తెలిసినవాడికి వీడియో ఎంతో ఇస్తుంది. ఫోన్ విషయంలో నాకు ఆ పునాది లేదు. వీడియోలో ఆయన నొక్కే బటన్ నా ఫోన్‌లో వేరే చోట ఉంటుంది. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి విసుగొచ్చేది. నేను ఎక్కడ తప్పు నొక్కుతున్నానో వీడియోకి కనపడదు కదా.

ఇక మేడ మీద గదికి వస్తాను.

మొదటి రోజు మా పేర్లు రాసుకున్నాక మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పని పడి వచ్చారండీ?" అని. ఆవిడకి ముప్ఫై అయిదేళ్లుంటాయి, ఇంతకుముందు మొబైల్ షాపులో పనిచేసిందట. ఒక్కొక్కరు చెబుతుంటే బోర్డు మీద రాసింది. రిటైరైన లెక్చరర్ గారు పాత మంచం అమ్ముకోవాలన్నారు. కుట్టుపని చేసే ఒకావిడ జాకెట్ డిజైన్లు వెతికి చూపించాలంది. పెద జాలరిపేట నుంచి వచ్చిన చేపల అక్క, డబ్బు పడిందో లేదో మనవడిని అడక్కుండా తెలుసుకోవాలంది. పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇంటి నుంచే ఇవ్వడం నాకు రావాలన్నాను. ఆ బోర్డుని ఆరు వారాలూ చెరపలేదు. పని వచ్చిన రోజున ఎవరిది వాళ్లే లేచి వెళ్లి కొట్టేసుకోవాలి. పందొమ్మిది మందిలో పదహారు గీతలు పడ్డాయి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మేడమ్ మన ఫోన్ ముట్టుకోదు. పక్కకొచ్చి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చెబుతుంది. "కిందికి జరపండి. ఇంకొంచెం. ఆగండి. ఇప్పుడేం కనిపిస్తోందో చదవండి." మనం తప్పు నొక్కినా చెయ్యి చాపదు. "ఇప్పుడు ఎక్కడికొచ్చాం? వెనక్కి ఎలా వెళ్తాం?" అంటుంది. సాయానికి ఒక ఇంటర్ కుర్రాడు వస్తాడు. వాడు ఒకసారి లెక్చరర్ గారి ఫోన్ అందుకోబోతే ఆవిడ "చేతులు" అని ఒక్క మాట అంది, వాడు వెనక్కి కట్టేసుకున్నాడు. నా మొదటి మేస్త్రి ఇలాగే ఉండేవారు. నా బీడు, అంటే వెల్డింగ్ గీత, వంకర పోతుంటే పక్కనే నిలబడి చూసేవారు గాని హోల్డర్ అందుకునేవారు కాదు. దాని మీద పేరుకున్న పెంకు లాంటి స్లాగ్ నేనే కొట్టి, కింద ఏముందో నేనే చూసుకోవాలి. ఆరు వందలూ ఈ ఒక్క పద్ధతికే చెల్లిపోయాయనుకుంటాను.

రెండో రోజు నా వేలు పనిచేయలేదు. ఆవిడ చెప్పిన చోటే నొక్కుతున్నాను, తెరలో కదలిక లేదు. గట్టిగా నొక్కాను. ఇంకా గట్టిగా నొక్కాను. పక్కాయన అదే చోట చిటికెనవేలు ఆనిస్తే ఠక్కున తెరుచుకుంది. ఇంట్లో కూడా ఇదే గొడవ. "మెల్లగా నొక్కు నాన్నా" అంటారు, మెల్లగా నొక్కినా అంతే. ఈ వయసులో నాకు పట్టుబడదేమో అని లోపల బాధగా ఉండేది, ఎవరితోనూ అనలేదు.

మేడమ్ నా చెయ్యి చూపించమంది. చూపించాను. బొటనవేలు, చూపుడువేలు కొసల్లో చర్మం కాయకట్టి, ఎండిపోయి, సన్నటి గీతలన్నీ అరిగిపోయి ఉంటాయి. పక్కన నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. "మీరేం పని చేసేవారండీ?" అంది. చెప్పాను. "తెర మీ బలం చూడదండీ. దాని మీద పల్చగా కరెంటు పరుచుకుని ఉంటుంది. వేలు ఆనిన చోట అది కొంచెం మారుతుంది, ఆ మార్పునే పట్టుకుంటుంది. చర్మం మందంగా, పొడిగా ఉంటే దానికి వేలు తగిలినట్టే తెలియదు" అంది.

ఎర్త్! నాకు వెంటనే వెలిగింది. వెల్డింగ్ కరెంటు తిరిగి మిషన్‌కి వెళ్లడానికి ప్లేటుకి ఎర్త్ క్లాంపు తగిలిస్తాం. తుప్పో పెయింటో ఉన్న చోట దాన్ని తగిలిస్తే ఆర్క్ నిలవదు. రాడ్డు ఎంత గీకినా చిటపటలాడి ఆరిపోతుంది. కొత్త కుర్రాడు మిషన్ పోయిందనుకుని ఆంపియర్ పెంచుతాడు. అనుభవం ఉన్నవాడు క్లాంపు విప్పి, ఆ చోట గ్రైండింగ్ కొట్టి, మళ్లీ బిగిస్తాడు. నేను ఇన్నాళ్లూ ఆంపియర్ పెంచుతూ కూర్చున్నాను. ఆ మాట పైకే అనేశాను. మేడమ్‌కి వెల్డింగ్ తెలియదు. "నాకు అర్థం కాలేదు, ముందుకొచ్చి అందరికీ చెప్పండి" అంది. బోర్డు మీద ఖాళీ చోట ప్లేటు, క్లాంపు, రాడ్డు గీసి చూపించాను. ఆ తర్వాత గదిలో ఎవరి ఫోన్ మొండికేసినా "ఎర్త్ చూసుకోండి" అనడం అలవాటైపోయింది.

నాలాంటి చేతులున్నవాళ్ల కోసం చెబుతున్నాను. వేలి కొసతో కాకుండా పక్కవైపు మెత్తటి చోటుతో తాకండి. ముందు చేతికి కొంచెం లోషన్ రాసుకోండి. తెర మీద మందపాటి గాజు స్క్రీన్‌గార్డ్ ఉంటే తీయించేసి పల్చటిది వేయించుకోండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ అని ఉంటుంది, ఆన్ చేసుకోండి. నాకు మొదటి రెండింటితోనే సరిపోయింది. ఆ రోజు ఇంటికెళ్లి మా అమ్మాయి ముందే నా వేలితో తాకి, తెర తెరిచి చూపించాను.

చేపల అక్క గురించి రాయకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. మా బ్యాచ్ వేట నిషేధం రోజుల్లో పడింది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. గుడ్లు పెట్టే కాలం. అందుకే అక్కకి సాయంత్రాలు ఖాళీ దొరికింది. ఆవిడకి చదవడం రాదు. అంకెలు మాత్రం ఎంత దూరం నుంచైనా చదివేస్తుంది.

మూడో వారం మోసాల మీద పాఠం. మేడమ్ ముందుగా చెప్పకుండా చేసింది. పక్క వరండాలోంచి ఇంటర్ కుర్రాడు లెక్చరర్ గారికి ఫోన్ చేశాడు. మంచం ఫొటో చూశానని, తనకి నచ్చిందని, అడ్వాన్స్ రెండు వేలు ఇప్పుడే వేస్తానని అన్నాడు. ఒక క్యూఆర్ పంపాడు. "స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్, డబ్బు మీ ఖాతాలో పడిపోతుంది." మర్యాదగా, తొందరగా మాట్లాడుతున్నాడు. లెక్చరర్ గారు రెండో ఫోన్ తీసి స్కాన్ చేయడానికి సిద్ధమైపోయారు. స్పీకర్‌లో వింటున్న మేమంతా కూడా బాగానే ఉందనుకుంటున్నాం. వెనక బల్ల నుంచి అక్క లేచింది.

"ఇచ్చీవోడు నొక్కాల గాని, తీసుకునీవోడు నొక్కడమేటి బాబూ? నాను చేపలమ్మి డబ్బు తీసుకున్నప్పుడు నా సంచి నాను ఇప్పుతానా, ఆళ్ల సంచి ఆళ్లు ఇప్పుతారా?"

గది అంతా నిశ్శబ్దం. లెక్చరర్ గారు ఫోన్ కింద పెట్టేశారు. మేడమ్ తర్వాత చెప్పాల్సిన పాఠం అంతా ఆ రెండు వాక్యాల్లో వచ్చేసింది. యూపీఐ పిన్ అన్నది మన ఖాతాలోంచి డబ్బు పంపడానికి వేసే తాళం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. 2016లో యూపీఐ మొదలైనప్పటి నుంచీ నియమం ఇదే. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశామని ఎవడైనా అంటే, అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. పొరపాటున డబ్బు పోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. దొంగ దాన్ని వేరే ఖాతాలకి తోసేసే లోపు బ్యాంకు ఆపగలిగితే దక్కుతుంది. మర్నాడు చూద్దాంలే అంటే చెయ్యి దాటిపోతుంది. ఈ మాటలు పేపర్లో నేను ముందే చదివాను. కానీ అక్క సంచి మాట విన్నాకే నాకు లోపలికి దిగాయి.

అక్క బజార్లో యాభై ఏళ్లు బేరాలాడింది. తొందరపెట్టేవాడిని, తీయగా మాట్లాడేవాడిని గొంతు బట్టే పట్టేస్తుంది. ఆవిడకి లేనిది ఫోన్‌లో దారి మాత్రమే. అది కూడా నెల తిరక్కుండా వచ్చేసింది. కొందరు కొనేవాళ్లు పాత పేమెంట్ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవారట. ఇప్పుడు తన ఫోన్‌లోనే తెరిచి, పైన అంకె, పక్కన టిక్కు చూసుకుని గాని కవరు ఇవ్వదు. తెలుగులో మైకు నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడటం చూసిన రోజున మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పేరు చెప్పి, తెర మీద పడిన ఆ అక్షరాల్ని వేలితో నిమిరింది. అదే పేరుని నోట్‌బుక్‌లో చూసి రాసుకుంది.

ఇంకో రోజు లెక్చరర్ గారు ఇన్‌కాయిస్ గురించి చెప్పారు. హైదరాబాద్‌లో ఉన్న ఆ సంస్థ ఉపగ్రహాల నుంచి సముద్రపు వేడినీ నీటి రంగునీ చూసి, చేపలు ఎక్కడ ఎక్కువ ఉండొచ్చో వేటగాళ్లకి చెబుతుంది. నీటిలో పచ్చటి నాచు లాంటి సూక్ష్మజీవులు పెరిగిన చోట రంగు మారుతుంది, వాటిని తినేవి చేరతాయి, వాటి వెనకే పెద్ద చేపలు. అక్క విని, తన భర్త కూడా నీటి రంగు మారిన గీత చూసి, పక్షులు దిగే చోటు చూసి వల వేసేవాడని చెప్పింది. "అదీ ఇదీ ఒకటే" అంది. లెక్చరర్ గారు ఆ రోజు క్లాసయ్యాక కూడా కింద షాపు దగ్గర నిలబడి ఆవిడని అడిగి రాసుకున్నారు.

వాట్సాప్ గ్రూప్ ఒకటి పెట్టారు. గుడ్ మార్నింగ్ బొమ్మలు నిషేధం. వారానికి ఒకసారైనా "ఈ వారం నేను సొంతంగా చేసిన పని" అని వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఎవరైనా ఫార్వర్డ్ పెడితే దాని మీద రెండు బాణాలున్నాయేమో చూడమంటారు. ఆ రెండు బాణాలుంటే ఆ మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. మే నెలలో తుపాను వస్తోందని ఒకటి తిరిగింది, రెండు బాణాలతో. హుద్‌హుద్ తుపాను పేరు వింటేనే ఈ ఊళ్లో ఎవరికైనా గుండె జారుతుంది. 2014 అక్టోబరు 12న ఏం జరిగిందో అందరం చూశాం. మేడమ్ దాన్ని తీసేయమనకుండా, వాతావరణ శాఖ మౌసమ్ యాప్ తెరిచి అక్కడ ఏముందో చూసి గ్రూప్‌లో పెట్టమంది. అరగంటలో ఆరుగురు చూసి పెట్టారు. తుపాను హెచ్చరిక ఏదీ లేదు. తర్వాతి క్లాసులో ఎవరింట్లో నీళ్లు, టార్చి, రేడియో ఎలా సిద్ధం చేసుకుంటారో చెప్పుకున్నాం. హుద్‌హుద్ రోజుల్లో ఫోన్లే పనిచేయలేదని గుర్తు చేసింది కూడా మాలో ఒకరే.

నా పని ఐదో వారంలో అయింది. లైఫ్ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నుంచీ ఉంది గాని వేలిముద్రతోనే ఇవ్వాల్సి రావడం వల్ల నాకు ఏటా అవస్థే. గీతలు అరిగిన వేళ్లు మిషన్‌కి అందవు. తుడిచి, రుద్ది, పదిసార్లు పెట్టించేవారు. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చని నాకు ఈ క్లాసులోనే తెలిసింది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు వేసుకోవాలి. ముందు ఆపరేటర్, అంటే ఈ పని చేయించేవాళ్ల, ముఖం అడుగుతుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంట్లో చేసుకుంటుంటే ఆ ఆపరేటర్ మనమే కావచ్చు. తర్వాత పెన్షనర్ వివరాలు, పెన్షన్ ఆర్డరు మీదుండే పీపీఓ నంబరు, మళ్లీ ముఖం. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని కళ్లు ఆర్పాలి. మొదటిసారి కిటికీ నా వెనక ఉండి కుదరలేదు. కుర్చీ తిప్పుకుని కూర్చుంటే అయిపోయింది. ప్రమాణ్ ఐడీ తెర మీద వచ్చాక లేచి వెళ్లి బోర్డు మీద నా గీత నేనే కొట్టాను. నాలాగా పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్ పెన్షన్ తీసుకునేవాళ్లు నవంబరు దాకా ఆగక్కర్లేదు, ఎప్పుడిచ్చినా అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. ఆ ఆదివారం మల్కాపురం వెళ్లి నాతో పనిచేసిన ఇద్దరు ఫిట్టర్ల చేత చేయించాను. చేతులు వెనక్కి కట్టుకునే చెప్పాను. ఒకాయనకి గంట పట్టింది, పట్టనిచ్చాను.

కరెంటు బిల్లు కూడా నేనే కడుతున్నాను, మన రాష్ట్రంలో 2025 జనవరిలో మొదలైన మన మిత్ర అనే ప్రభుత్వ వాట్సాప్ సేవలో.

లోపాలు ఉన్నాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, రెయిలింగ్ ఒకవైపే ఉంది. మోకాళ్ల నొప్పులతో ఒకావిడ రెండో వారంలోనే మానేసింది. కింద షాపులో ఆదివారం పూట చోటు అడగొచ్చు కదా అని మేడమ్‌తో అన్నాను. ఫ్యాను చప్పుడు ఎక్కువ. షిప్‌యార్డ్‌లో చిప్పింగ్ హేమర్ల మధ్య పనిచేసిన నాలాంటివాళ్లకి చెవి సగం పోయి ఉంటుంది, వెనక బల్ల మీద కూర్చుంటే ఏమీ వినపడదు. ఇచ్చే నోట్సులో అక్షరాలు మరీ చిన్నవి. అందులో సగం మాటలు ఫోన్‌లో ఉన్నట్టు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, పక్కన తెలుగులో రాసిస్తే మేలు. ఐఫోన్ ఉన్నవాళ్లకి ఈ క్లాసు అంతగా పనికిరాదు.

అన్నిటికంటే పెద్దది టైము. నాలుగున్నర అంటే రిటైరైన మాకు సుఖం. చేపలమ్మేవాళ్లకి, ఇళ్లలో పనిచేసేవాళ్లకి, ఆటోవాళ్లకి అది కుదరదు. జూన్ 15న వేట మళ్లీ మొదలయ్యాక అక్క గ్రూప్‌లో ఉంది గాని ఇంకో బ్యాచ్‌కి రావాలన్నా వీల్లేదు. ఆవిడ లేకపోతే మూడో వారం పాఠం ఎలా ఉండేదో ఊహించుకోలేను. మధ్యాహ్నం బేరాలు తగ్గే వేళ, రెండు నుంచి మూడు దాకా, జాలరిపేటలోనే ఒక బ్యాచ్ పెట్టమని నేనూ లెక్చరర్ గారూ కలిసి అడిగాం. చోటు దొరికితే పెడతానంది. ఎవరికైనా అటువైపు నీడపట్టున ఒక గది ఉంటే దయచేసి ఆవిడకి చెప్పండి. కింద జెరాక్స్ షాపులో అడిగితే పిలుస్తారు.

వెళ్లేవాళ్లు కళ్లజోడు, ఆధార్‌కి లింకైన సిమ్, పెన్షన్ పుస్తకం ఉంటే అది, గీతల నోట్‌బుక్ తీసుకెళ్లండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లకండి, వాళ్లు చెయ్యి పెట్టకుండా ఉండలేరు. ఫోన్ ఇంటి దగ్గరే నిండా ఛార్జింగ్ పెట్టుకోండి, ఆ గదిలో ప్లగ్గులు రెండే ఉన్నాయి.